అద్దంలో ఎర్ర చుక్క

"ఈ తుపాకీ టేబుల్ మీంచి తీస్తారా, నైవేద్యం దీని పక్కనే పెట్టమంటారా?" అంది ఛాయాదేవి, పులిహోర గిన్నె పట్టుకుని.

"దాన్ని ముట్టుకోకు ఛాయా. స్క్రూలకి జిగురు పెట్టాను. పొద్దుటిదాకా ఆరాలి," అన్నాడు కేశవరావు తలెత్తకుండానే.

మూడు వారాలుగా ఆయనకి ఇదే లోకం. తుపాకీ మీద బిగించే చిన్న అద్దం అది, రెడ్ డాట్ అంటారు. అందులోంచి చూస్తే ఎర్రటి వెలుగు చుక్క కనిపిస్తుంది, ఆ చుక్కతో గురి చూసుకోవాలి. చిన్న చుక్కదా పెద్ద చుక్కదా, షాట్‌గన్ తన్నుకి తట్టుకుంటుందా ఊడి చేతికొస్తుందా అని అమెరికా వచ్చి ఈ బెంటన్‌విల్‌లో ఇల్లు కొన్నప్పుడు కూడా చదవనన్ని రివ్యూలు చదివాడు. చివరికి పెద్ద చుక్కది తెప్పించి, తనే కూర్చుని బిగించాడు. దానికి స్విచ్ కూడా ఉండదట, తుపాకీ కదిలితే తనంతట తనే వెలుగుతుందట. ఇక చదవడానికేముందని డబ్బాలో వచ్చిన కాగితం మడత విప్పలేదు.

"ఒప్పందం గుర్తుందిగా?" అంది ఛాయాదేవి.

"ఉంది."

"రేపు గాల్లోకి వదిలే పాతిక మట్టి బిళ్ళల్లో పదిహేను పగలకపోతే ఇది అమ్మేయాలి. క్లాజెట్‌లో దీని సేఫ్ ఉన్న చోట నా చీరల బీరువా వస్తుంది."

"పగిలితే?"

"మళ్ళీ ఆ ఊసెత్తను."

కేశవరావు ఈసారి తలెత్తాడు. ఐదు శనివారాలుగా ఆయన తొమ్మిది దాటలేదు. కానీ యాభయ్యారేళ్ళ వయసులో, వారమంతా స్క్రీన్‌కేసి చూసి చూసి, ఆరుబయట నిలబడి గట్టిగా అరిచే వీలు ఆయనకి ఆ షూటింగ్ రేంజ్ ఒక్కచోటే ఉంది. అది పోతుందంటే నిజంగానే బెంగగా ఉంది.

ఛాయాదేవి తడిపిన కుంకుమ గిన్నె పట్టుకుని మిక్సీకి, రెండు లాప్‌టాప్‌లకి, గరాజ్‌లో కార్లకి బొట్లు పెట్టుకొచ్చింది. "ఆయుధపూజ నాడు అసలు ఆయుధానికే దిక్కు లేదు," అని గొణిగింది.

"జిగురు ఛాయా, జిగురు," అంటూ కేశవరావు ఆఫీస్ కాల్‌కి మేడ మీదికి పోయాడు.

"విన్నానండీ," అంది ఆవిడ.

శనివారం పొద్దున్నే ఇద్దరూ రేంజ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళారు. లెక్క తప్పకుండా చూడ్డానికని ఛాయాదేవి బెంచీ మీద ముందు వరసలో కూర్చుంది. పక్కింటి కృతి అప్పటికే వచ్చి ఉంది. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, ఫార్మసిస్టు. కేశవరావుకి తుపాకీ పట్టడం నేర్పింది తనే.

"కొత్త రెడ్ డాట్ పెట్టారా అంకుల్? నైస్. డాట్ కనిపిస్తుందా?"

కేశవరావు తుపాకీ భుజానికెత్తి చూశాడు. అద్దంలో ఎర్ర చుక్క. "భేషుగ్గా కనిపిస్తోంది. కొంచెం మసక, అంతే. ఎండకి కాబోలు."

"డాట్ చూడకండి అంకుల్. క్లే చూడండి. ఎన్నిసార్లు చెప్పాను?"

బిళ్ళ వదలమని ఆయన గట్టిగా "పుల్" అని అరిచాడు. నారింజ రంగు మట్టి బిళ్ళ గాల్లోకి లేచింది. చుక్కని చూద్దామంటే అది మసకాయె. విసుగొచ్చి బిళ్ళనే చూస్తూ కాల్చాడు. బిళ్ళ పొడి పొడి అయింది.

రెండోది కూడా పగిలింది. మూడోది తప్పింది. ఆ తర్వాత వరసగా ఆరు పగిలాయి. బెంచీ మీద ఛాయాదేవి వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. ఒక చెయ్యి చాలక రెండోదీ తీసింది. పదిహేనోది పగిలినప్పుడు ఆవిడ బీరువా మీద ఆశ వదులుకుని, ఎందుకో తనకే తెలియకుండా చప్పట్లు కొట్టింది.

మొత్తం పందొమ్మిది.

కేశవరావుకి కాళ్ళు నేల మీద నిలవలేదు. "చూశావా ఛాయా? మూడు వారాలు ఊరికే చదివాననుకున్నావా? సరైనది ఎంచుకోవాలి, సరిగ్గా బిగించుకోవాలి. అంతా ఈ చుక్కలో ఉంది."

"సరేలెండి. సేఫ్ మీదే, చోటూ మీదే," అంది ఆవిడ నవ్వుతూ.

"నాకూ చూపించండి అంకుల్," అంటూ కృతి ఖాళీ తుపాకీ అందుకుంది. అటూ ఇటూ తిప్పి ఆగిపోయింది. "ఈ ప్లాస్టిక్ ముక్క ఏంటి? బ్యాటరీకి అడ్డం పెట్టి పంపుతారు. మీరిది తియ్యలేదు?"

"తియ్యాలా?"

"తియ్యకపోతే ఆన్ అవ్వదు అంకుల్."

"అవ్వకపోవడమేంటమ్మా, పొద్దుట్నించీ కనిపిస్తుంటేను."

కృతి ఆ ముక్క పీకి, తుపాకీ ఎత్తి అద్దంలోకి చూసింది. కన్ను నలుపుకుని మళ్ళీ చూసింది.

"అంకుల్, ఇందులో రెండు డాట్స్ ఉన్నాయి."

కేశవరావు తొంగిచూశాడు. కింద ఒక చుక్క నిప్పు కణికలా వెలుగుతోంది. దాని పైన, పొద్దుటి నుంచీ తను చూస్తున్న మసక చుక్క ఎక్కడిదక్కడే ఉంది. ఆయన మెల్లిగా తల తిప్పి భార్యకేసి చూశాడు.

"జిగురు ముట్టుకోవద్దన్నారు," అంది ఛాయాదేవి కొంగు సర్దుకుంటూ. "అద్దానికి జిగురు లేదుగా, అందుకని అక్కడ పెట్టాను బొట్టు."

కృతి నవ్వాపుకుంటూ జేబులోంచి టిష్యూ తీసింది. "తుడిచేస్తాను అంకుల్, ఒక్క నిమిషం."

కేశవరావు గబుక్కున ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాని జోలికి పోకమ్మా. ఆ ప్లాస్టిక్ ముక్క మళ్ళీ పెట్టెయ్."