జామతోటలో దొంగ

పొద్దెక్కేసరికి కొలకలూరు జామతోటలో దొంగ అడ్డంగా దొరికాడు.

తోట ఒక పండ్ల కంపెనీది. దొంగను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, కాపలాదారు ఆదాము తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. దొంగగారికి డెబ్బై దాటాయి. పేరు అంకయ్య, ఊరు వాడరేవు. అంతకుమించి ఉలకడు, పలకడు. మంచినీళ్లిస్తే కూడా వద్దన్నాడు. దొంగకు మళ్లీ పౌరుషం!

కబురందగానే మేనేజరు సంజీవరావు ఊడిపడ్డాడు. ఆయన తిప్పలు ఆయనవి. కాయలు దొంగలపాలై నిరుడు డివిడెండు సగానికి పడిపోయింది. రేపు తెనాలిలో షేర్‌హోల్డర్ల మీటింగు. దొంగను చూపించకపోతే ఆయన ఉద్యోగానికే ఎసరు.

“ఎన్ని బస్తాలు దాటించావ్?”

“కాయ ముట్టలేదు బాబూ.”

“మరి కంచె దూరి లోపలేం చేస్తున్నావ్?”

అంకయ్య గోళ్లలోని మట్టి గిల్లుకున్నాడు.

ఆదాము అందుకున్నాడు. “చెట్ల మొదళ్లు తవ్వుతున్నాడండి. చేతిలో పార కూడా ఉంది. వరసంతా తవ్వేశాడు సార్!”

“ఓరి నీ దుంపతెగ! వేళ్లకు మందు పెడుతున్నావా? ఎవడు పంపాడు నిన్ను?”

“ఎవరూ పంపలేదు బాబూ. వదిలేయండి, పాసింజరు వెళ్లిపోద్ది.”

“పాసింజరెందుకు, జీపే వస్తుంది.”

సంజీవరావు పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత అంకయ్య జేబులోని ఫోన్ లాక్కున్నాడు. అందులో ఉన్నది ఒకటే పేరు, పావని.

అప్పటిదాకా రాయిలా కూర్చున్న ముసలాయన ఒక్క ఉదుటున లేచాడు.

“నా మనవరాలు బాబూ, బాపట్లలో బ్యాంకులో చేస్తంది. దానికి మాత్రం చెప్పకండి, మీ కాళ్లు పట్టుకుంటా. నేను రేవులో కబుర్లాడుకుంటున్నానని దాని నమ్మకం. తెలిస్తే ఇక గడప దాటనివ్వదు.”

“హాయిగా ఇంట్లో కూర్చుని తినక, ఈ వయసులో ఇదేం బుద్ధయ్యా? ఇది షేర్‌హోల్డర్ల సొమ్ము. నువ్వు కొట్టింది వాళ్ల కడుపు మీద!”

ఆ మాటకు అంకయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. కానీ ఏం చేస్తాడు? కిటికీకి ఇనప చువ్వలు. తలుపు దగ్గర ఆదాము. నోరు విప్పకపోతే జైలు, విప్పితే పావని. జన్మంతా సముద్రంలో వల వేసినవాడికి వలలో పడటమంటే ఏంటో ఇవాళ తెలిసింది.

బయట జీపు ఆగిన చప్పుడైంది. సంజీవరావు వేలు పావని పేరు మీదికి వెళ్లింది.

అంకయ్య గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“పావని నా పేరున మీ కంపెనీ షేర్లు కొంది బాబూ, డివిడెండు వచ్చినప్పుడల్లా ఇలా వచ్చి పాదులు తవ్వి పోతన్నా, వల లాగకుండా వాటా తినేవాణ్ణి మా రేవులో దొంగంటారు.”