తాళం తప్పిన గీతం

సమత చెయ్యెత్తగానే స్వామిదాసు హార్మోనియం మెట్లు నొక్కాడు. పన్నెండు మంది పిల్లలు ఒక్క గొంతుతో జాతీయ గీతం అందుకున్నారు.

మొయినాబాద్ దగ్గరి ఆ బడిలో ప్రతి జనవరి ఇరవై ఆరుకూ స్పీకర్లోనే పాట పెట్టేవారు. ఈసారి పిల్లలే పాడాలని, కొత్తగా వచ్చిన టీచర్ సమత పట్టుబట్టింది.

"తేడా వస్తే ఊరందరి ముందు ఇజ్జత్ పోతది మేడమ్" అని హెడ్మాస్టర్ శంకరయ్య నసిగితే, "నాది పూచీ సార్" అంది. ఆలూరు చర్చిలో నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన స్వామిదాసును బతిమాలి ఒప్పించింది. మూడు వారాలు సాధన చేయించింది. యాభై రెండు సెకన్లకు ఒక్క సెకను అటూ ఇటూ కాలేదు.

ఇవాళ పాట రెండో పంక్తి దాటిందో లేదో, వెనక కుర్చీల వైపు నుంచి ఎవరిదో బొంగురు గొంతు లేచింది. శ్రుతి లేదు. పిల్లల కంటే రెండు మాటలు వెనకబడి, ముద్దముద్దగా పాడుతోంది.

"తాగొచ్చిండా ఎవడన్న?" శంకరయ్య పళ్లు కొరికాడు.

అంతలో హార్మోనియం ఆగిపోయింది.

స్వామిదాసు తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు. మళ్లీ మెట్లు నొక్కాడు కానీ, పిల్లల కోసం కాదు. పాటలో ఆ బొంగురు గొంతు ఎక్కడుందో అక్కడి నుంచే అందుకుని, దానితో పాటు మెల్లగా వాయించాడు. పిల్లల్లో కొందరు ముందుకు పోయారు, కొందరు ఆగిపోయారు. పాట ముగిసేసరికి మిగిలింది ఆ గొంతూ, హార్మోనియమూ.

"వచ్చేసారి స్పీకరే" అన్నాడు శంకరయ్య, సమత వైపు చూడకుండా.

పాడిన పిల్లల్లో ఒకతి, సాహిత్య, ఏడుపు మొహంతో వచ్చి సమత కొంగు పట్టుకుంది. "టీచర్, మేం మంచిగనే పాడినం."

"నాకెరుకనే బిడ్డా."

సమత విసవిసా వెనక్కి నడిచింది. స్వామిదాసు అప్పటికే అక్కడికి చేరి, కుర్చీలో ఉన్న భార్య శాంతమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవరో తప్పు పాడితే, నువ్వు గూడ తప్పాల్నా తాతా? పిల్లల కష్టమంతా పాయె!"

"తప్పు నాదే బిడ్డా. సార్‌కు గట్లనే చెప్పు."

"మరి ఎందుకు ఆపినవ్?"

ముసలాయన భార్య చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"పక్షవాతమొచ్చి మాట పోయిన ఏడు నెలలకు, మా శాంత ఇయ్యాల నోరిప్పింది."