బుల్లయ్యగారి భోజనం

"ఆఁ అను నాన్నా! ఒక్కసారి ఆఁ అను, నీకు పుణ్యముంటుంది!"

కోటిరత్నం ఎంత బతిమాలినా రెండేళ్ళ బుల్లయ్య నోరు తెరవలేదు. పప్పూ నెయ్యీ కలిపిన ముద్ద మూతి దగ్గరికి రాగానే తల అటు తిప్పాడు. ముద్ద అటు వెళితే తల ఇటు తిప్పాడు. సరిగ్గా అప్పుడే వీధిలో బండి ఆగింది.

"వచ్చేసిందే మా అమ్మ!" వెంకటనారాయణ పంచె ఎగ్గట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

కోటిరత్నం ముద్ద గిన్నెలో పడేసి లేచింది. అత్తగారు సుబ్బరావమ్మ సత్తెనపల్లి నుంచి ముందే కబురు పెట్టింది. మనవడు తన కళ్ళెదుట గిన్నెడన్నం తింటే సరే. తినకపోతే వాణ్ణి తనతో తీసుకుపోయి తనే పెంచుకుంటుంది. అన్నంత పనీ చేసే మనిషి!

కోటిరత్నం పెరటి గుమ్మంలోంచి తొంగిచూసి గుసగుసగా పిలిచింది. "బాషన్నా, ఉన్నావా?"

గొడ్ల చావిట్లోంచి దూదేకే జాన్ బాషా తల బయట పెట్టాడు. తల నిండా దూదే. "ఉన్నానుగానీ చెల్లెమ్మా, మీ పరుపులు ఏకేశాను, దిండ్లు ఏకేశాను, పక్కింటివాళ్ళ బొంత కూడా విప్పేశాను. ఇక ఈ ఒక్క దిండే మిగిలింది."

"మెల్లిగా ఏకు. నేను దగ్గగానే మొదలెట్టు."

బుల్లయ్యగారి మహత్యం అది. జాన్ బాషా దూదేకే విల్లు టంయ్‌మని మోగితే చాలు, ఎక్కడున్నా నోరు ఇంత చేసుకుని వింటాడు. ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టెయ్యడమే తల్లి పని.

సుబ్బరావమ్మ వచ్చి పీట వాల్చుకు కూర్చుంది. మనవడి బుగ్గ నొక్కి చూసింది. పెదవి విరిచింది.

"నేను మాత్రం పిల్లాణ్ణి పెంచలేదటే? మా వెంకటనారాయణ కంచం పెట్టడమే ఆలస్యం, చప్పుడు చెయ్యకుండా తినేసి మారు అడిగేవాడు. ఏరా?"

"అంతేగా మరి!" అన్నాడు వెంకటనారాయణ. పసితనం సంగతి పాపం అతనికేం తెలుసు!

కోటిరత్నం చూపు వీధిలోకి పోయింది. బండి తోలుకొచ్చిన పీరు ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు. బండిలో గోనెపట్టా చుట్టిన పొడుగాటిదేదో ఉంది. అమ్మో, ఉయ్యాల కట్టడానికి బొంగుతో సహా తెచ్చుకుంది ఈవిడ! కోటిరత్నం గబగబా దగ్గేసింది.

టంయ్... టంయ్... టంయ్!

బుల్లయ్య నోరు తెరిచాడు. ముద్ద లోపలికి వెళ్ళింది. మళ్ళీ టంయ్, మళ్ళీ ముద్ద.

"ఏమిటే ఆ మోత?"

"దిండు ఏకిస్తున్నాం అత్తయ్యా. మీరు తల పెట్టుకోడానికి!"

"పట్టపగలు నాకు దిండెందుకే?"

ఇంతలో దూది పింజలు గుమ్మందాటి లోపలికొచ్చాయి. ఒకటి సుబ్బరావమ్మ కొప్పు మీద వాలింది. ఒకటి వెంకటనారాయణ ముక్కులో దూరింది. అతను ఇల్లదిరేట్టు తుమ్మాడు. బుల్లయ్య కిలకిలా నవ్వి ఇంకో ముద్ద మింగాడు. గిన్నె సగానికి వచ్చింది. కోటిరత్నం మొహం వెలిగిపోయింది.

ఠప్!

విల్లు ఆగిపోయింది. బుల్లయ్య నోటికి గడియ పడింది.

కోటిరత్నం దగ్గింది. గట్టిగా దగ్గింది. ఊపిరాడనంతగా దగ్గింది. వెంకటనారాయణ తలుపు చాటుకు పోయి నోటితోనే "టంయ్... టంయ్..." అన్నాడు. బుల్లయ్య తండ్రి వైపు జాలిగా చూశాడుగానీ నోరు మాత్రం తెరవలేదు.

అంతలో జాన్ బాషా విల్లు నుంచి తెగిన నరం పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చేశాడు. "కొంప మునిగింది చెల్లెమ్మా! నరం తెగింది. ఇంకో నరం లేదు. పిల్లాడు తినేసినట్టేనా?"

సుబ్బరావమ్మ జాన్ బాషాను చూసింది, తలుపు చాటున కొడుకును చూసింది. కోటిరత్నం ఇక ఆపుకోలేకపోయింది. బావురుమంది.

"తప్పయిపోయింది అత్తయ్యా! విల్లు మోగితేగానీ వీడు ముద్ద ముట్టడు. నాకు చేతకాదనే అనుకోండి, ఎన్ని మాటలైనా అనండి. వీణ్ణి మాత్రం నా దగ్గర్నించి తీసుకుపోకండి!"

సుబ్బరావమ్మ మనవణ్ణి చంకనేసుకుని చరచరా వీధిలోకి నడిచింది. గిన్నె చేత్తో పట్టుకునే కోటిరత్నం వెనకాల పరుగెత్తింది. వెంకటనారాయణ ఆమె వెనకాల, జాన్ బాషా అతని వెనకాల.

బండి దగ్గర ఆగి సుబ్బరావమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఏడుపాపి ముద్ద కలుపు. ఒరేయ్ పీరూ, గోనెపట్టా విప్పి నీ విల్లు బయటికి తియ్యరా! వీడి నాన్న మాత్రం మీ నాన్న విల్లు మోగకుండా ఏనాడు నోరు తెరిచాడు గనక!"