మూడో తలుపు దాటనివ్వని టెస్టర్

“మూడో తలుపు తెరుచుకోవడం లేదు సార్,” అంది టెస్టర్, ఈ వారంలో పదకొండోసారి.

ఆఫీసంతా చాటుగా గడియారం అని పిలుచుకునే టీమ్ లీడర్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూలబడ్డాడు.

“ఏదీ, ఇలా ఇవ్వు. నేనే ఆడి చూస్తా. కొత్త ఆటకి మొదటి పావుగంటే ప్రాణం. అందులో తప్పుల్లేవని నువ్వొక్క సంతకం పడేస్తే పని ముందుకు నడుస్తుంది. నువ్వేమో సైంధవుడిలా అడ్డుపడుతున్నావు.”

బజారుకు వెళ్ళబోయే వీడియో ఆటల్ని ముందుగా ఆడి తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. పట్టడంలో ఆమెకు మంచి పేరే ఉంది. లేని తప్పుల్ని పట్టడం మాత్రం ఈమధ్యే మొదలుపెట్టింది.

గడియారం ఆట మొదలుపెట్టాడు. అంతరిక్షంలో ఎక్కడో ఓ స్థావరం. ఎర్రదీపాలు, సైరన్ మోత. ఆటగాడు గాజు గొట్టంలో కళ్ళు తెరుస్తాడు. బయట నుంచి కెప్టెన్ పిడికిలితో అద్దం బాదుతుంటాడు.

“లే తల్లీ లే! కొంపలంటుకున్నా నీ నిద్ర నీదేనా? చెప్పులేసుకో, గచ్చు చల్లగా ఉంది!”

గడియారానికి నవ్వాగలేదు. “అంతరిక్షంలో గచ్చేంటమ్మా! రాసిచ్చిందొకటి, మీ ఆయన చదివిందొకటి.”

“ఆయనంతే సార్. ఎవరేం రాసిచ్చినా సొంత పైత్యం కలపందే ఊరుకోరు.”

ఆమె కూడా నవ్వింది. ఆ కెప్టెన్ గొంతు ఆమె భర్తది. ఆయన అదే ఆఫీసులో సౌండ్ ఇంజనీరు. అసలు నటుడు దొరికేదాకా ఆఫీసువాళ్ళ చేతే మాటలు చెప్పించి పెట్టుకోవడం ఆ పనిలో మామూలే. ఇప్పుడు నటుడు దొరికాడు. ఆమె సంతకం పెట్టగానే ఈ గొంతు తీసేసి ఆ గొంతు పెడతారు. సౌండ్ రూమ్‌లో ఆయన కుర్చీ ఖాళీ అయి నాలుగు నెలలైంది.

తెర మీద ఆరుకాళ్ళ ఇనుప పురుగులు గోడలు దిగి వస్తున్నాయి. గడియారం గురి చూసి కొన్నిటిని, చూడకుండా కొన్నిటిని కాల్చి, మొదటి తలుపు దాటాడు, రెండోది దాటాడు. మూడోది సుబ్బరంగా తెరుచుకుంది. కెప్టెన్ అక్కడే ఆగి, బరువైన మీట రెండు చేతులా పట్టుకుని తలుపు మూసుకుపోకుండా ఆపాడు.

“నువ్వు పద. నేను వెనకే వస్తా.”

కెప్టెన్ రాడు. ఆటగాడు దాటగానే తలుపు పడిపోతుంది, అవతల పేలుడు వినిపిస్తుంది. కథ అలాగే రాశారు.

“దాటకండి సార్!” ఆమె కంట్రోలర్ లాగేసుకుంది.

“తలుపు తెరుచుకుందిగా?”

“ఆగండి. కదలకండి.”

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. అరనిమిషం గడిచింది. మీట పట్టుకున్న కెప్టెన్ తల తిప్పి చూశాడు.

“ఏంటలా నిలబడిపోయావ్? నేనెక్కడికి పోతాను?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. గడియారం గొంతు తగ్గించాడు.

“ఆ మాటలన్నీ ఫైల్లో పెట్టి ఇస్తానన్నానుగా అమ్మా. ఎన్నిసార్లయినా వినుకో.”

“ఫైలు దాని పాటికది వాగేసి ఆగిపోతుంది సార్. ఇక్కడైతే నేను కదలకపోతే ఆయన నన్ను చూసి పిలుస్తారు.”

“పొద్దున అందరికంటే ముందొస్తావు. ఊడ్చేవాళ్ళు కూడా వెళ్ళాక వెళ్తావు. ఇలా అయితే ఎలా? పెందరాళే ఇంటికెళ్ళు.”

“ఇంట్లో ఏముంది సార్? ఒక్క మాట వినపడదు.”

గడియారం గోడ మీది టైము చూసి, చూసినందుకు తనే సిగ్గుపడి లేచాడు. “ముందు భోంచేసి రా. తర్వాత చూద్దాం.”

ఆమె రెండు ముద్దలకే బాక్స్ మూసేసి వచ్చి మళ్ళీ ఆట మొదలుపెట్టింది. ఎర్రదీపాలు. సైరన్. గాజు గొట్టం. పిడికిలి.

“మేలుకో సైనికా! సమయం మించిపోతోంది!”

ఎవరిదో బొంగురు గొంతు. ఆమె ఆట ఆపి మళ్ళీ పెట్టింది. అదే గొంతు. పురుగులు మీద పడుతున్నా కాల్చకుండా పరుగెత్తి మూడో తలుపు దగ్గర నిలబడింది. అరనిమిషం ఆగింది.

“కదులు సైనికా!” అని గద్దించాడు ఆ పరాయివాడు.

చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస లేకుండా ఆమె ఏడుస్తూ టీమ్ లీడర్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

“నా సంతకం లేకుండా ఎలా తీసేశారు సార్? మీకసలు మనసుందా?”

“నేను తీయమనలేదమ్మా.” ఆయన తలెత్తలేదు. “తీస్తానంటే ఆపే హక్కు కూడా నాకు లేదు. వెళ్ళి సౌండ్ రూమ్‌లో అడుగు.”

ఆమె ఒక్క పరుగున వెళ్ళి సౌండ్ రూమ్ తలుపు తోసింది. “ఎవరండీ తీసింది? ఎవరిని అడిగి తీశారు?”

నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న కుర్చీ మెల్లగా ఇటు తిరిగింది. ఆపరేషన్ అయిన గొంతు చుట్టూ మఫ్లర్ కప్పుకుని ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. ఏదో చెప్పబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. అలవాటైన పనిలా చిన్న నోటుబుక్కు తీసి, రాసి, ఆమె చేతిలో పెట్టాడు.

“నేనే తీశాను. నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను కదా, నాతో ఒక్క మాటైనా మాట్లాడవేం?”