ఏడో నంబరు పడవకి చిల్లు

“పడవకి చిల్లు పెట్టింది మీరేనా?”

“ఆయ్, నేనేనండి.”

లక్ష్మీకుమారి వరద శాఖలో ఆఫీసరు. పదిహేడేళ్ల సర్వీసులో ఎన్నో ఎంక్వయిరీలు చేసింది గాని, మొదటి ప్రశ్నకే ఒప్పేసుకున్న మహానుభావుడు ఇంతవరకూ తగల్లేదు. కాదంటే ఎలా నిలదీయాలో ఆఫీసు నుంచి దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. అదంతా దండగైపోయింది.

మయూర్ విహార్ దాటి యమున ఒడ్డుకు దిగితే వరద సహాయక పడవల షెడ్డు వస్తుంది. పన్నెండు ఫైబర్ పడవలు దిమ్మల మీద కూర్చుని వానాకాలం కోసం చూస్తున్నాయి. వాటిలో ఏడో నంబరు నడిపే గోవిందరాజులుది యానాం దగ్గర పల్లె. ఢిల్లీ వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆ గోదావరి మాట వదల్లేదు, కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటూ కాలేదు. కూతురు ధౌలా కువాన్‌లో కాలేజీ రెండో సంవత్సరం చదువుతోంది. లక్ష్మీకుమారి ఒక్క వాక్యం రాస్తే చాలు, రేపటి నుంచి ఆయనకి పని ఉండదు.

“ఇవాళే తీసెయ్యండి మేడమ్. సర్కారు పడవకి చిల్లు పెడతాడా?” అన్నాడు హిందీలో షెడ్డు ఇన్‌ఛార్జి త్యాగి. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు.

లక్ష్మీకుమారి ఫైల్లోంచి ఉత్తరం తీసింది. హిందీలో, వంకరటింకర అక్షరాలు. ‘ఏడో నంబరు పడవ. ముందు బల్ల కింద సామాను అర. ఎడమ మూల, ఒకటింపావు అంగుళం చిల్లు. పడవ మునిగితే బాధ్యత ఎవరిది?’ కింద సంతకం లేదు. అచ్చంగా ఆకాశరామన్న ఉత్తరం. ఇలాంటివి పట్టించుకోకూడదని రూలుంది. కానీ పడవ, చిల్లు అనే రెండు మాటలు పక్కపక్కన చూసేసరికి పైనున్న మూడు ఆఫీసుల నుంచీ ఒకే రోజు ఆవిడకి ఫోన్లొచ్చాయి.

“ఎందుకు పెట్టారు?”

“ఆ అరలోంచి నీళ్లు పోయే దారి లేదండి. వానొస్తే మూత సందుల్లోంచి దిగుద్ది, దిగింది అక్కడే ఉండిపోద్ది. లైఫ్ జాకెట్లు పెట్టేది అందులోనేనండి. నాని నాని పట్టీలు కుళ్లిపోతన్నాయండి.”

“అర్జీ పెట్టొచ్చుగా?”

“పెట్టానండి.”

త్యాగిని ఫైలు తెమ్మంది. ఆయన నసుగుతూ తెచ్చాడు. మూడేళ్లలో పదకొండు అర్జీలు. పదకొండింటి మీదా ‘చూశాను’ అని పొట్టి సంతకం ఉంది. చూసినవాళ్లంతా చూసి ఊరుకున్నారు.

“పోయిన వరదలో నది ఒడ్డున కూరగాయలు పండించే పెద్దావిడకి జాకెట్ విసిరానండి. తొడుక్కుంది. పట్టీ పట్టుకుని లాగాను. పట్టీ నా చేతిలోకి వచ్చేసిందండి. మనిషి రాలేదు.”

గోవిందరాజులు అరచెయ్యి చూసుకున్నాడు. లక్ష్మీకుమారి అర్జీల ఫైలు మూసింది.

“ఠీక్ హై. కానీ ఈ చిల్లుతో పడవ మునగదని ఏమిటి నమ్మకం?” అంది.

“దింపుతానండి. మీరూ ఎక్కండి.”

ఎక్కింది. పదేళ్లుగా యమున ఫైళ్ల మీద సంతకాలు పెడుతున్న మనిషి యమునలో పడవెక్కడం అదే మొదలు. ఈత రాదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు గాని, బల్లని రెండు చేతులా పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

గోవిందరాజులు అర మూత తీసి రెండు బకెట్ల నీళ్లు లోపల కుమ్మరించాడు. బుడబుడమంటూ అరలోంచి పడవ అడుక్కి దిగి, వెనక్కి పారాయి. వెనక ఉన్న చిన్న పంపు వాటిని తోడి నదిలోకి పోసేసింది. అర ఖాళీ అయింది.

“ఇది పడవ బయటికి పెట్టిన చిల్లు కాదండి. అరలోంచి లోపలికే. కోసిన అంచుకి రెజిన్ కూడా రాశానండి, ఫైబర్లోకి చెమ్మ ఎక్కకుండా.”

నది మధ్యదాకా వెళ్లొచ్చారు. పడవ మునగలేదు. లక్ష్మీకుమారి చెప్పులు కూడా తడవలేదు.

ఒడ్డుకి రాగానే ఆవిడ షెడ్డులోనే కూర్చుని నోట్ రాసింది. వానలు మొదలయ్యేలోగా మిగతా పదకొండు పడవలకూ ఇలాగే నీళ్లు పోయే దారి పెట్టాలి. జాకెట్లన్నీ మార్చాలి. అనుమతి లేకుండా పని చేసినందుకు గోవిందరాజులును నోటిమాటగా మందలించడమైనది. త్యాగి ఏదో అనబోయి, నోట్ కింద ఆవిడ సంతకం చూసి ఆగిపోయాడు.

గోవిందరాజులు కారుదాకా సాగనంపడానికి వచ్చాడు.

“మీ మీద ఉత్తరం రాసినవాడు ఎవడో గాని మీ కడుపు కొట్టాలనే చూశాడు. జాకెట్లన్నీ తీస్తే గాని కనపడని చిల్లు అది. కొలతతో సహా రాశాడు. కనుక్కుని వాడి సంగతి కూడా చూస్తాను,” అంది లక్ష్మీకుమారి.

“వదిలెయ్యండి మేడమ్. ఆడి మీద నాకేం కోపం లేదండి.”

“అంత మంచితనం పనికిరాదు. ఉద్యోగం పోయేది మీకు.”

“పోయేదేనండి. రెండు రాత్రులు నిద్ర లేదు. కానీ పదకొండు అర్జీలకి ఎవరూ రాలేదు కదండి. ఆ ఒక్క ఉత్తరానికి నాలుగో రోజున మీరొచ్చారు.”

లక్ష్మీకుమారి కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. గోవిందరాజులు ఒకసారి వెనక్కి చూసి, తెలుగు రాకపోయినా త్యాగి దగ్గర్లో లేడని నిదానించుకుని, గొంతు తగ్గించాడు.

“ఎడమ చేత్తో రాయడం అంత కష్టం కాలేదండి. అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టకుండా ఆపుకోవడమే కష్టమైంది.”