ఒక్క ఖాళీ

"మీదీ ఒక గిల్డేనా అక్కా? ధర్మసత్రం!" అన్నాడు లిఫ్టు మెకానిక్, కంప్యూటరు మైకు మీదికి వంగి. "రాక్షసుడు నోరు తెరుచుకుని మీద పడుతుంటే, స్టవ్ మీద పాలు పొంగాయని లేచిపోయేవాళ్లతో నేను ఆడలేను."

"పాలు పొంగితే లేవమా తమ్ముడూ? స్టవ్ ఎవరు తుడుస్తారు, రాక్షసుడా?" అంది అటునుంచి అక్క.

సొంత అక్క కాదు. బడిలో లెక్కలు చెప్పే మనిషి. ఆ ఆన్‌లైన్ ఆటలో ఒక జట్టుకు పెద్ద. కలిసి రాక్షసుల మీదికి రైడ్‌కు వెళ్లే జట్టునే వాళ్లు గిల్డ్ అంటారు.

"మరి ఆ బ్యాంకు గుమాస్తా? బాణం వెయ్యవయ్యా అంటే గురక పెట్టాడు."

"పగలంతా జనంతో వేగి వచ్చాడు పాపం. అయినా ఓడిపోయిన రోజే కదా మనం కడుపుబ్బ నవ్వుకున్నది?"

"మీరు నవ్వుకుంటూ కూర్చోండి. ఎందుకూ పనికిరాని సరుకంతా ఒకచోట చేరింది. నేను గెలిచేవాళ్లలోకి పోతున్నాను."

అక్క ఇంకేదో అంటుండగానే ఆ గిల్డ్‌లోంచి తన పేరు తీసేసుకున్నాడు. మీట నొక్కిన వేలు కాసేపు గాల్లోనే దర్జాగా నిలబడింది.

ఆదివారం పొద్దున్న. వెనక బాల్కనీలో వాళ్లావిడ తడిబట్టలు విదిలించి ఆరేస్తోంది. తొమ్మిదేళ్ల కూతురు నేల మీద బోర్లా పడుకుని ఏనుగు బొమ్మకు రంగులు వేస్తోంది. హెడ్‌ఫోన్ తీగ తెగి వారమైంది కాబట్టి ఆటలో మాటలన్నీ స్పీకరులోంచి ఇల్లంతా వినబడుతున్నాయి.

"ఆ టీచరమ్మను అంతేసి మాటలు అనాలా?" అంది ఆవిడ.

"నీకు తెలీదు, ఊరుకో. ఇప్పుడు కొత్త గిల్డ్ కెప్టెన్ మాట్లాడతాడు. అది అల్లాటప్పా గిల్డ్ కాదు. వారానికి నాలుగు రైడ్లు. నిమిషం ఆలస్యమైతే గెంటేస్తారు. ఇరవైమందిలో ఒక్క చోటు ఖాళీ అయింది, దానికి ఎంతమంది ఎగబడుతున్నారో! సంసారులనైతే గుమ్మం కూడా తొక్కనివ్వరట. నువ్వు కిక్కురుమనకు."

"అయితే నన్ను గోడలో దూరమంటారా?"

ఆయన జవాబు చెప్పేలోపే స్పీకరు గరగరమంది.

"వయసు?" అంది ఒక బొంగురు గొంతు. పలకరింపు లేదు, పాడూ లేదు.

"ముప్పై ఆరు సార్."

"ఉద్యోగం?"

"లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మానేశాను సార్, ఆట కోసమే."

బాల్కనీలో బట్టలు విదిలించే చప్పుడు ఆగింది.

"పెళ్లి?"

"అంత తెలివితక్కువవాణ్ణి కాదు సార్," అని తన మాటకు తనే నవ్వాడు మెకానిక్.

"పిల్లలు?"

"పెళ్లే లేకపోతే పిల్లలెక్కడివి సార్? నాకు ముందూ వెనకా ఎవరూ లేరు."

భగవంతుడిచ్చిన భార్యనూ బిడ్డనూ మనిషి ఒక్క ఊపిరిలో ఎలా తుడిచేయగలడో! రాక్షసుణ్ణి చంపడానికైనా ఇరవైమంది కావాలి.

"నాన్నా, ఏనుగు చెవికి ఏ రంగు వెయ్యను?" అంది కూతురు తలెత్తకుండానే.

"ఎవరది?" అంది బొంగురు గొంతు.

"పక్కింటి పిల్ల సార్. తలుపు తీసి ఉంటే చాలు, దూరిపోతుంది."

"నాన్నా అంది."

"కనబడిన ప్రతివాణ్ణీ అలాగే అంటుంది సార్. కాస్త తిక్క."

పిల్ల పెన్సిలు పట్టుకునే తల్లి వైపు చూసింది. తల్లి బకెట్టు కింద పెట్టింది.

"సరే," అన్నాడు కెప్టెన్. "మీకు చోటు లేదు."

మెకానిక్ కుర్చీలోంచి సగం లేచాడు. "అదేంటి సార్! నా ఆట చూడనే లేదు!"

"చూశాను. ఆట బాగానే ఉంది. మీలాంటివాళ్లను ఏడుగురిని చేర్చుకుని ఏడుగురినీ గెంటాను. ముందూ వెనకా ఎవరూ లేనివాడికి ఎప్పుడు లేవాలో తెలీదు, ఎప్పుడు పడుకోవాలో తెలీదు. మా పందొమ్మిదిమందీ సంసారులు. ఇంట్లో పనంతా ముగించుకుని, చెప్పి మరీ వస్తారు. తిరిగి వెళ్లి మొహం చూపించాలి కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడతారు. ఇంట్లో ఒక్క మనిషిని ఒప్పించుకోవడం చేతకానివాడు రాక్షసుణ్ణేం గెలుస్తాడండీ?"

మెకానిక్ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. వదిలేసి వచ్చిన సత్రం తలుపు తనే మూశాడు. ఇక్కడ గుమ్మంలోనే ఆపేశారు.

"సార్, సార్! అబద్ధం చెప్పాను సార్! మీరు వద్దంటారేమోనని అన్నాను. పెళ్లయి పన్నెండేళ్లయింది. బంగారంలాంటి భార్య! ఉద్యోగం కూడా మానలేదు. ఆ పిల్ల నా కూతురే సార్, క్లాసులో ఫస్టు!"

"ఇందాక తిక్క పిల్లన్నావు," అన్నాడు కెప్టెన్. మీరు కాస్తా నువ్వు అయింది. "నీ మాట నమ్మేదెలా?"

"నా భార్య ఇక్కడే ఉంది సార్, తననే అడగండి!" అని వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. "ఏమేవ్, నీకు దణ్ణం పెడతాను, ఒక్క మాట చెప్పవే. ఉన్న గిల్డ్ కూడా పోయింది నాకు."

ఆవిడ తడిచేతులు నిమ్మళంగా తుడుచుకుంది. కూతురి తల ఒకసారి నిమిరి, వచ్చి కుర్చీ పక్కన నిలబడి మైకు మీదికి వంగింది.

"అమ్మా, ఆయన మీకేమవుతారమ్మా?" అన్నాడు కెప్టెన్, మొదటిసారి మర్యాదగా.

"ఏమీ కారండి," అంది ఆవిడ. "మా లిఫ్టు ఆగిపోతే పిలుచుకెళదామని వచ్చాను."