ఆగండాగండి

బెల్లు మోగింది. తలుపుకున్న చిన్న కన్నంలోంచి చూసి కోడలు గతుక్కుమంది.

అవతల నిలబడ్డది టీవీలో వస్తువులు అమ్మే మనిషి.

ఊరంతా ఎరిగిన మొహం. పసుపు కోటు, ఎర్ర టై, చెవులదాకా నవ్వు. ఒకరోజు కత్తులు, ఒకరోజు జుట్టు నూనె, మర్నాడు మరకలు పోగొట్టే పొడి. ధర చెప్పడం కాగానే చెయ్యెత్తి, "ఆగండాగండి, ఇంకా అయిపోలేదు" అంటాడు. పిల్లలు అతనికి ఆ పేరే పెట్టేశారు.

ఇప్పుడు కోటు లేదు. నవ్వూ లేదు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"అమ్మా, మీ అత్తగారు నడుం బెల్టు తెప్పించుకున్నారు కదా. అది నాకిచ్చేస్తారా?"

నిజమే. కాపడం పెట్టే కరెంటు బెల్టు. మొన్నీమధ్యే వచ్చింది.

"మీకెలా తెలుసు?" తలుపు తీయకుండానే అడిగింది.

"ప్రోగ్రాంలో నాతో ఫోన్లో మాట్లాడారమ్మా. ఈ వీధీ, ఈ మేడా ఆవిడే చెప్పారు. మధ్యాహ్నం కాసేపు పడుకుంటేగానీ నడుం నిలవదన్నారు. ఇప్పుడు పడుకున్నారా?"

ఆమె తలుపు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంట్లో ఉన్నది ఆడవాళ్ళిద్దరే; అత్తగారేమో నొప్పిమాత్ర వేసుకుని గదిలో మత్తుగా నిద్రపోతోంది. ఎవరెప్పుడు పడుకుంటారో కూడా గుర్తుపెట్టుకుని వచ్చాడు ఇతను.

"మీ కంపెనీ కార్డు చూపించండి."

"కంపెనీ పంపలేదమ్మా. నా అంతట నేనే వచ్చాను."

గడియ సరిగ్గా పడిందో లేదో తడిమి చూసుకుంది.

"ఆవిడ బెల్టు కట్టుకునే పడుకున్నారా? ఆ ఒక్క మాట చెప్పండి. అది వేడెక్కితే ఇక ఆగదు. అంటుకుంటుంది."

"కట్టుకుని హాయిగా నిద్రపొండి, వేడి దానంతటదే ఆగిపోతుందని చెప్పింది మీరే కదండీ?"

అతను తలుపుకు మొహం దగ్గరగా పెట్టాడు.

"అబద్ధం చెప్పాను."

"అయితే ఆ మాట టీవీలోనే చెప్పొచ్చుగా."

"చెప్తానన్నందుకే నన్ను తీసేశారమ్మా."

ఆమె భయం రెట్టింపయింది. అబద్ధాలమ్ముకుని బతికినవాడు ఇవాళొక్కరోజు నిజం చెప్తున్నాడంటే ఎవరు నమ్ముతారు? తలుపు తీయించడానికి ఇదో ఎత్తు.

దబదబా బాదడం మొదలుపెట్టాడు.

"లేపండమ్మా. మీకు దండం పెడతాను, ఆవిణ్ణి లేపండి."

భర్తకు ఫోన్ చేసింది. అతను వాచ్‌మన్‌కూ పోలీసులకూ చేశాడు. ఆమె మాత్రం తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. తాను అటు వెళ్తే ఇతను ఇటు బద్దలు కొట్టుకుని వస్తాడేమోనని, వీపు తలుపుకు ఆనించి నిలబడిపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. పెనుగులాట. కర్ర దెబ్బ. "ప్లగ్గు, ప్లగ్గు" అంటున్న గొంతు కింది అంతస్తుదాకా దిగి వినిపించకుండా పోయింది.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చి తలుపు తట్టాడు.

"పీడా పోయింది మేడం. జీపెక్కించేశారు. పిచ్చోడిలా ఏడుస్తున్నాడు."

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. అమ్మయ్య అనుకుంది.

అప్పుడు వచ్చింది వాసన.

ప్లాస్టిక్ కాలుతున్న కమురు వాసన. అత్తగారి గదిలోంచి.

"అత్తయ్యా" అంటూ పరుగెత్తింది.

ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో, అత్తగారిని బోర్లా పడుకోబెట్టారు. ఆవిడ మూలుగు తప్ప మాట లేదు. భర్త డాక్టరు చుట్టూ తిరుగుతున్నాడు. ప్రాణానికేం ఫరవాలేదన్న మాట మాత్రం డాక్టరు నోట ఇంకా రాలేదు.

కోడలు మంచం పట్టె గట్టిగా పట్టుకుని నిలబడింది. తలుపు మీద ఆ బాదుడు చెవుల్లోంచి పోవడం లేదు.

ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు.

పక్క మంచం మీద మరో ముసలావిడ. ఆవిడా బోర్లానే పడుకుని ఉంది, నడుం నిండా కట్లతో.

"అమ్మాయ్, టీవీలో వస్తాడే, మావాడు, బయటెక్కడన్నా కనిపించాడా? నాలాగా ఇంకెవరూ కాలకూడదు, ఆ బెల్టులన్నీ వెనక్కి తెచ్చేస్తానమ్మా అని వెళ్ళినవాడు, ఇంకా రాలేదు."